మహారాజశ్రీ శాలువా గారికి

శ్రీకాళహస్తిలో కలంకారీ పని చేసుకునే ఒక ఆడమనిషి రాసుకున్న విన్నపం.

ఉభయకుశలోపరి. తమరు క్షేమమేనని నాకు తెలుసు. మా బీరువా పై అరలో కలరా ఉండల మధ్య పద్నాలుగు మంది హాయిగా పడుకుని ఉన్నారు. పద్నాలుగో వారు మొన్న ఆదివారమే తిరుపతి నుంచి నా భుజమెక్కి వచ్చారు. బస్సు టికెట్టు నాది.

ఆ రోజు సన్మానానికి సాయంత్రం నాలుగింటికి రమ్మన్నారు. ముఖ్య అతిథికి కొండ మీద దర్శనం ఆలస్యమైందని ఆరున్నర దాకా కూర్చోబెట్టారు. తిరుపతిలో దర్శనం పేరు చెబితే ఇంకెవరు నోరెత్తుతారు? ఆయన గుండుకు గంధం పూసుకుని వచ్చారు, అందరికీ చిటికెడు లడ్డూ పంచారు, మైకు పట్టుకున్నారు. 1950లలో చేతివృత్తుల కోసం పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో మా ఊళ్లో కలంకారీ మళ్లీ ఊపిరి పోసుకుందని, 2008లో మా ఊరి కలంకారీ కళాకారుడు గురప్ప చెట్టి గారికి పద్మశ్రీ వచ్చిందని చక్కగా చెప్పారు. అన్నీ నిజాలే. చివర్లో నా వైపు తిరిగి "ఇంక మీకేం తక్కువమ్మా?" అన్నారు. చెప్పేదాన్నే, మైకు ఆయన చేతిలో ఉండిపోయింది.

యాంకరమ్మాయి నన్ను "కళంకారీ కళాకారిణి" అని పిలిచింది. ఒక్క అక్షరం మారి నాకు కళంకం అంటుకుంది, పోనీలే. ఆ వెంటనే "చెక్క అచ్చులతో అద్భుతాలు చేస్తారు" అంది. అచ్చులు మచిలీపట్నం వాళ్లవి తల్లీ, మాది కలం. వెదురుపుల్ల మొన చెక్కి, గుడ్డ చుట్టి, దారం కట్టి, రంగులో ముంచి, వేళ్లతో నొక్కుతూ గీస్తాం. ఈ మాట చెప్పబోయేసరికి తమరు నా మెడ మీదకి దిగారు. ఫోటో సరిగా రాలేదని తమర్ని తీసి మళ్లీ కప్పారు.

సన్మానం చేసినాయన "కళకు వెల కట్టలేం" అని కూడా అన్నారు. అన్నమాట నిలబెట్టుకున్నారు.

శాలువా గారూ, తమరూ బట్టే, నేను బొమ్మలేసేదీ బట్టే. కాబట్టి తమరికి నా గోడు అర్థం కావాలి. నా బట్టకు ముందు గంజి వదలగొట్టాలి. తర్వాత కరక్కాయ కలిపిన ఎనుము పాలలో నానబెట్టి, పిండి, ఎండబెట్టాలి. అలా చేయకపోతే రంగు పాకిపోతుంది. ఇనుప తుక్కూ బెల్లమూ నీళ్లలో వారాల తరబడి పులిస్తేగానీ నలుపు రాదు. ఆ కుండ మూత తీసినప్పుడల్లా పక్కింటావిడ కిటికీ మూసేస్తుంది. చింతబొగ్గుతో గీత, పటిక పూత, ఉడకబెట్టడం, జాడించడం, ఆరబెట్టడం. ఇంకో రంగు వేస్తే మళ్లీ ఉతుకు, మళ్లీ ఎండ. పారే నీళ్లలో జాడించాలని పెద్దలు చెప్పారు. ఏడాదిలో ఎక్కువ రోజులు స్వర్ణముఖిలో పారేది ఇసుక ట్రాక్టర్లే కాబట్టి నీళ్లు కొనుక్కుంటున్నాను. మబ్బు పట్టిందంటే నాకు టెన్షన్. ఇంత చేసి నెల రోజులకు ఒక తెర పూర్తిచేస్తే, కొనేవాళ్లు ఫోన్ తీసి "ఇదే బొమ్మ ప్రింటుది నాలుగొందలకి ఉంది చూడండి" అంటారు.

తమరికి మాత్రం ఏ కష్టమూ లేదు. మిషన్లో పుట్టారు, కవర్లో పెరిగారు, వేదిక మీద వెలిగారు. కుళ్లుకుని ఒకసారి తమ మీద బొమ్మ వేద్దామని కూడా చూశాను. పాలిస్టర్ కదా, కరక్కాయా పట్టలేదు, పాలూ పట్టలేదు. పాలు దండగయ్యాయని మా అత్త రెండు రోజులు మాట్లాడలేదు.

మూడో రోజు మాట్లాడింది. "డబ్బులేమన్నా ఇచ్చినారా?"

"శాలువా ఇచ్చినారత్తా."

"ఈసారి కొళాయి కాడికి తీసుకుపోయి చూపించు, నీళ్లొస్తాయేమో."

తమర్ని ఖర్చుపెట్టడానికి నేనూ ప్రయత్నించకపోలేదు. పాలాయనకు రెండు నెలల బాకీ. కొత్తగా ఉన్నవారిని ఒకరిని మడత విప్పకుండా ఆయన చేతిలో పెట్టబోయాను. ఆయన క్యాను దించి, తమర్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మా ఇంట్లో ఇప్పటికే రెండుండాయిమ్మా. మా అబ్బోడు పండరి భజన చేస్తాడు గదా" అన్నాడు. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

నిన్న ఆ సన్మానం చేసినాయనే ఫోన్ చేశారు. గొంతు తగ్గించి, "అమ్మా, వచ్చే ఆదివారం ఇంకో ఫంక్షనుంది, శాలువాలు తక్కువపడ్డాయి. మీ దగ్గర విప్పనివి పదేమన్నా ఉన్నాయా?" అన్నారు. కళాసేవ కింద ఊరికే ఇస్తానని ఆయన ఆశ. నేను ఒక్కోటి ఎనభై అన్నాను. బేరమాడి అరవై దగ్గర ఆపారు. తమరికి మాత్రం వెల కట్టగలిగారు! ఆరువందలు ఫోన్లో వేశారు. ఇన్ని సన్మానాల్లో నా చేతికి డబ్బు రావడం ఇదే మొదలు.

కలరా ఉండల వాసన పోవాలని పదిమందినీ పొద్దున్నే మిద్దె మీద ఆరేశాను. మిగిలిన నలుగురిలో ఒకరికి నల్లరంగు కుండకు వాసెన కట్టే పని అప్పగించాను. పాల బాకీ తీరిపోయింది. డబ్బులు లెక్కపెట్టుకుంటూ పాలాయన సంతోషంగా ఒక మాట చెప్పాడు. ఆదివారం తిరుపతిలో సన్మానమంట, వాళ్ల అబ్బోడి పేరు కూడా ఉందంట.

దారి తెలుసు కదా తమరికి? వాళ్లది మా వెనక వీధే.

ఇట్లు,
తమ భారం మోసిన భుజం