పస్తులున్నవాడికే పూర్తి జీతం

ప్రభుత్వం తన తప్పు ఒప్పుకోవడం అరుదు. ఒప్పుకున్నప్పుడు మాత్రం పద్దు రాసి మరీ ఒప్పుకుంటుంది. ఆ పద్దుకు ఆధారం ఎఫ్.ఆర్. 54, అంటే తప్పుగా తీసేసి తిరిగి చేర్చుకున్న ఉద్యోగికి జీతం బకాయిలు లెక్కగట్టే ఫండమెంటల్ రూల్ 54. ఫండమెంటల్ రూల్స్ 1922లో తెల్లదొరల హయాంలో వచ్చాయి. దొరలు వెళ్లిపోయారు, రూల్సుకు మాత్రం ఇంకా బదిలీ ఉత్తర్వులు రాలేదు.

రూలు చాలా ధర్మంగా ఉంటుంది. బర్తరఫ్ చేసిన ఉద్యోగి పూర్తిగా నిర్దోషి అని తేలితే, ఇన్నాళ్లూ కుర్చీలోనే ఉన్నట్టు లెక్కగట్టి జీతభత్యాలన్నీ ఇస్తారు. అయితే ఆ మధ్యకాలంలో వేరే కొలువు చేసి సంపాదించినదంతా అందులోంచి కోసేస్తారు. సంపాదన జీతంతో సమానమైనా, మించినా పైసా రాదు. మించినదాన్ని ఖజానాకు జమకట్టమని అడగనందుకు మనం కృతజ్ఞులమై ఉండాలి.

సస్పెండైనవాడి సంగతి నయం. అర్ధవేతన సెలవు జీతానికి సమానంగా జీవనభృతి వస్తుంది. దానికి, నేను ఏ ఉద్యోగమూ, వ్యాపారమూ, వృత్తీ చేయడం లేదని ధ్రువపత్రం రాసివ్వాలి. పని చేయడం లేదని సంతకం పెడితేనే డబ్బిచ్చే ఏర్పాటు మరే దేశపు కార్మికులు కలగన్నారో చెప్పలేను. బర్తరఫ్ అయినవాడికి ఆ భృతి కూడా లేదు. తినడానికి ఏమీ ఇవ్వని సర్కారు, తిన్నదానికి మాత్రం లెక్క అడుగుతుంది.

మా వీధి గుమాస్తాగారి కథే తీసుకోండి. ఆరేళ్లు బయట ఉన్నారు. పిల్లల ఫీజులకు వడ్డీకి అప్పు తెచ్చారు, ఇల్లాలి గాజులు కుదువపెట్టారు, చివరికి సందు మొగలో ఇడ్లీ బండి పెట్టారు. నిర్దోషిగా తిరిగి చేరాక బకాయిల ఫైలు కదిలింది. అప్పుమీద వడ్డీ కలుపుతారా అని అడిగితే, రూల్లో తీసివేతే ఉంది, కూడిక లేదన్నారు. ఇక అసలు చర్చంతా ఇడ్లీ మీద. ఎఫ్.ఆర్. 54లో ఉన్న మాట ‘ఎంప్లాయ్‌మెంట్’. బండి నడపడం ఎంప్లాయ్‌మెంట్ అవుతుందా? పిండి రుబ్బింది భార్య, చట్నీ తాలింపు అత్తగారిది, ప్లేటు అందించింది మాత్రం ఆయన. మరి సంపాదన ఎవరిది? మిగిలిపోయి ఇంట్లోవాళ్లే తిన్న ఇడ్లీలు ఆదాయమా, నష్టమా? స్పష్టత కోరుతూ ఫైలు పై కార్యాలయానికి వెళ్లింది. ఆవిరి తగ్గని ఫైలు అదొక్కటే.

2013లో సుప్రీంకోర్టు ఒక ఉపాధ్యాయురాలి కేసులో దారి చూపకపోలేదు. వేరేచోట సంపాదన లేదని ఉద్యోగి చెబితే చాలు, ఉందని రుజువు చేయాల్సింది యజమానే అంది. లేనిదాన్ని రుజువు చేయమనడం న్యాయం కాదు కదా. మన కార్యాలయాలు తీర్పును గౌరవించి, రుజువు బదులు అఫిడవిట్టు అడుగుతున్నాయి.

కోతలన్నీ పోగా మిగిలినది ఒక్క ఏడాదిలో చేతికొస్తుంది గనుక ఆదాయపు పన్ను శ్లాబు కూడా గౌరవంగా పైకి లేస్తుంది. 2026 మార్చి దాకా అమల్లో ఉన్న 1961 నాటి చట్టంలో దీనికి సెక్షన్ 89 పన్ను ఉపశమనం, దానికి ఫారం 10ఈ ఉండేవి. ఆ ఫారం నింపడం కూడా ఒక ఎంప్లాయ్‌మెంటే అని నా అభిప్రాయం. ఎవరూ వినకపోతే బాగుండు.

అందుకే కొత్తగా బర్తరఫ్ అయ్యే మిత్రులకు ఒక సలహా. నిర్దోషులని మీకు నమ్మకముంటే ఇంట్లో కదలకుండా పడుకోండి. దోషులైతే దర్జాగా వ్యాపారం పెట్టుకోండి, మీ నుంచి ఎవరూ ఏమీ కోయలేరు.

గుమాస్తాగారికి పాత సెక్షనే దక్కింది, జీతాల బిల్లులది. ఫైలు పై కార్యాలయం నుంచి దిగి తిన్నగా ఆయన బల్ల మీదికే వచ్చింది. రెండుసార్లు చదివారు, కళ్లజోడు తుడుచుకున్నారు. ‘ఇడ్లీల అమ్మకానికి రశీదులు జతపరచలేదు’ అని ఎర్ర సిరాతో రాసి తిప్పి పంపారు.