సవరణ: పేతురు చెప్పిన గుణాలు మెట్లు కావు

నిన్నటి పోస్టులో బైబిల్లో పేతురు రాసిన రెండో పత్రిక, 2 పేతురు 1:5-7 లోని గుణాలను విశ్వాసం, సద్గుణం, జ్ఞానం, ఆశానిగ్రహం (కోరికలను అదుపులో పెట్టుకోవడం) అంటూ దయ వరకు వరుసగా రాశాను. అది చదివి కొందరు "నాకు ఆశానిగ్రహమే ఇంకా రాలేదు, సేవకు పనికిరానేమో" అని టెన్షన్ పడుతున్నారు. దయచేసి అలా తీసుకోకండి. ఒకటి పూర్తయ్యాకే రెండోది అని అక్కడ లేదు, ఒకదానిలో మరొకటి అమర్చుకోమనే ఉంది, పైగా 8వ వచనం ఇవి విస్తరించాలంటుంది, అంటే పెరుగుతూ ఉండేవే.

పౌలు, బర్నబాలతో కలిసి సువార్త ప్రయాణానికి వెళ్లిన మార్కును చూడండి. పంఫూలియ అనే ప్రాంతంలో పని మధ్యలో వదిలి వెళ్లిపోయాడు, అందుకే పౌలు అతన్ని మళ్లీ తీసుకెళ్లనన్నాడు, బర్నబా మాత్రం వెంటబెట్టుకుని వెళ్లాడు, తర్వాత అదే పౌలు 2 తిమోతి 4:11లో మార్కు పరిచర్యకు ప్రయోజనకరమైనవాడని రాశాడు. బర్నబా చూపిన ఆ ఓపిక గురించి కూడా నిన్న చెప్పాల్సింది, సంఘాల్లో నాకు ఎక్కువగా లోటు కనిపించేది అదే.