పదకొండు వందల డాలర్ల శాండ్‌విచ్

రాత్రి పదకొండు దాటాక మా అమ్మాయి గదిలోంచి కేక వినిపించింది. దొంగలు పడ్డారేమోనని పరిగెత్తాను. తీరా చూస్తే మెడికల్ కాలేజీ నుంచి ఈమెయిలు. తర్వాత లెక్కలు రాసుకునేటప్పుడు నా మొదటి అనుమానం మరీ అంత తప్పేం కాదనిపించింది గానీ, ఆ క్షణాన మాత్రం ముగ్గురం హాల్లో గంతులేశాం. ఇంటర్వ్యూకు పిలిచారు. కాలేజీ నాలుగు రాష్ట్రాల అవతల ఉంది. జూమ్‌లో కుదరదట, మనిషే రావాలట. రానూపోనూ ఖర్చులు అభ్యర్థివే.

ఇంత పెట్టి వెళ్ళడం దండగా కాదా అన్నది అమెరికాలో డాక్టరు చదువుకు దరఖాస్తు పెట్టిన ప్రతి మధ్యతరగతి ఇంట్లోనూ తలెత్తే ప్రశ్న. సాధారణంగా దీనికి జవాబు అమ్మలు కళ్ళు తుడుచుకుంటూ, నాన్నలు క్రెడిట్ కార్డు వెతుక్కుంటూ చెబుతారు. నేను వృత్తిరీత్యా అకౌంటెంటును. ఇలాంటి విషయాలు ఎక్సెల్‌లో తేల్చుకోవాలి తప్ప వంటింట్లో కాదని నా దృఢవిశ్వాసం. ఆ పరిశీలన ఫలితాలను సాటి తల్లిదండ్రుల ప్రయోజనార్థం ఇక్కడ పొందుపరుస్తున్నాను.

పరిశీలన మొదలుకాకముందే ఒక అవాంతరం వచ్చిపడింది. ఈమెయిల్లో తేదీ ఎంచుకునే లింకు ఉంది. తెరిచేసరికే పది తేదీల్లో ఆరు పోయాయి. మేం చూస్తుండగానే ఏడోది కూడా బూడిదరంగుకు తిరిగింది. "నాన్నా, ముందు తేదీ పట్టేస్తాను, వెళ్ళాలో వద్దో తర్వాత ఆలోచిద్దాం," అని మా అమ్మాయి నొక్కేసింది. ఆ తర్వాత రెండు వారాలు తీరిగ్గా ఆలోచించాం, లగ్నపత్రిక రాయించేసి సంబంధం గురించి వాకబు చేసినట్టు.

మొదటి వరుసలో అప్పటిదాకా అయిన ఖర్చు వేశాను. మెడికల్ సీటు కోసం రాసే ఎంక్యాట్ పరీక్ష ఫీజు మూడొందల పైచిలుకు. యామ్‌కాస్ ఉమ్మడి దరఖాస్తులో మొదటి కాలేజీకి 175 డాలర్లు, ఆపైన ప్రతి కాలేజీకీ నలభై చిల్లర. మేం పెట్టింది ఇరవైకి. అది అందాక కాలేజీలు విడివిడిగా సెకండరీ అని ఇంకో దరఖాస్తు పంపుతాయి. దానికీ ఫీజుంది, ఒక్కోటీ వంద డాలర్ల చుట్టుపక్కల. అందులో అడిగే ముఖ్యమైన ప్రశ్న "మా కాలేజీలోనే ఎందుకు చేరాలనుకుంటున్నారు?" అని. మా అమ్మాయి ఇరవై కాలేజీలకూ ఇరవై రకాల ప్రేమలేఖలు రాసింది. ప్రేమలేఖ అందుకున్నవాళ్ళు పోస్టేజీ కాక చదివినందుకు కూలి కూడా పుచ్చుకోవడం లోకంలో ఇక్కడే చూశాను.

పోయిన డబ్బును చూసుకుని కొత్త డబ్బు పెట్టకూడదని ఆర్థికశాస్త్రంలో గొప్ప సూత్రం ఒకటుంది. ఖర్చయిపోయింది ఎలాగూ తిరిగిరాదు కాబట్టి, ఇకముందు వచ్చేదీ పోయేదీ మాత్రమే బేరీజు వేసుకోవాలి. దీన్ని మా ఆవిడకు ఇరవై నిమిషాలు వివరించాను. ఓపిగ్గా వింది. "మునిగినవాడికి చలేమిటండీ, టికెట్ కొనండి," అంది. మా ఇంట్లో సామెతకూ సూత్రానికీ పోటీ పడితే సూత్రం గెలిచిన దాఖలాలు లేవు.

అయినా వృత్తిధర్మం కొద్దీ ముందుకు సాగాను. విమానం 480. హోటలు ఒక రాత్రికి 190. అటూ ఇటూ టాక్సీలు 95. బూట్లు 75. నల్ల సూటు 260. మొత్తం 1,100 డాలర్లు. ఇక్కడ సూటు దగ్గర సాంకేతిక సమస్య వచ్చింది. సూటు ఏళ్ళ తరబడి వాడుకునే ఆస్తి కిందికి వస్తుంది, దాని ఖరీదు మొత్తాన్ని ఒక్క ఇంటర్వ్యూ నెత్తిన రుద్దకూడదు. ఒక్క ఇంటర్వ్యూకే వెళితే సూటు ఖర్చు 260. అయిదింటికి వెళితే తలా 52. అంటే ఎన్ని ఎక్కువ ఇంటర్వ్యూలకు వెళితే అంత పొదుపు! ఈ సంగతి కనిపెట్టిన ఉత్సాహంలో పక్కింటివాళ్ళ అబ్బాయి నాలుగిటితో ఆపేశాడని తెలిసి, వాళ్ళ దుబారాకు మనసులోనే చివాట్లు పెట్టాను.

తర్వాత రాబడి వైపు. డాక్టరు జీవితకాలంలో సంపాదించేది మిలియన్లలో. సీటు వచ్చే అవకాశం ఎంత తక్కువ వేసుకున్నా, ఆ రెండూ గుణిస్తే వచ్చేది 1,100 కన్నా ఎక్కువే. సగం అవకాశం వేశాను, వెళ్ళాలనే వచ్చింది. పదోవంతు వేశాను, వెళ్ళాలనే వచ్చింది. నూటికి ఒకటి వేసినా అదే జవాబు. ఈ లెక్క ప్రకారం కాలేజీ చంద్రుడి మీదున్నా వెళ్ళి తీరాల్సిందే. జవాబు ఒక్కటే వచ్చే లెక్కను ఎక్సెల్‌లో చెయ్యడం ఎందుకని మా అమ్మాయి అడిగింది. పిల్లలకు ఆడిట్ అర్థం కాదు.

నిజంగా చూసుకోవాల్సినవి రెండే ఉన్నాయి, రెంటికీ ఎక్సెల్ అక్కర్లేదు. ఆ కాలేజీ ప్రభుత్వానిదైతే బయటి రాష్ట్రం పిల్లల్ని ఎంతమందిని తీసుకుంటుందో చూడాలి. టెక్సస్ ప్రభుత్వ కాలేజీల్లో బయటివాళ్ళు పది శాతం మించకూడదని నియమమే ఉంది. రెండోది, తేదీ. అక్టోబరు 15 నుంచే సీట్లు పంచడం మొదలవుతుంది. మనకు ఫిబ్రవరిలో ఇంటర్వ్యూ ఇచ్చారంటే, బంతి లేచి విస్తళ్ళు తీస్తుండగా భోజనానికి పిలిచినట్టే. మాది ఫిబ్రవరి. ఈ రెండు అంశాలూ నివేదికలో రాశాను. ఎవరూ చదవలేదు.

ఈలోగా ఇండియా నుంచి మా బావగారి ఫోను. "ఏం బావా, ర్యాంకెంత?" అన్నారు. ఇక్కడ ర్యాంకులుండవని, మార్కులు వచ్చాక పిలిచి మాట్లాడతారని చెప్పాను. "మార్కులు వచ్చేశాక ఇంకా మాటలేమిటి?" అన్నారు. మనిషిని సమగ్రంగా అంచనా వేస్తారని, దయ, నిజాయితీ, వినే గుణం లాంటివి చూస్తారని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "అరగంటలోనా?" అన్నారు. సిగ్నల్ సరిగా లేదని పెట్టేశాను.

కానీ ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. వెతికితే హ్యూస్టన్ కథ దొరికింది. 1979లో అక్కడి టెక్సస్ విశ్వవిద్యాలయం మెడికల్ స్కూలు దాదాపు 800 మందిని ఇంటర్వ్యూ చేసి, ఒకటో నంబరు నుంచి చివరిదాకా వరుస పెట్టింది. పైనున్న 350 మందిలోంచి 150 మందిని చేర్చుకుంది. అంతా అయ్యాక రాష్ట్ర శాసనసభ ఇంకో 50 సీట్లు పెంచమంది. అప్పటికి జాబితాలో పైవాళ్ళు తలోచోటా చేరిపోయారు, మిగిలింది 700 నుంచి 800 మధ్యవాళ్ళు. చేసేది లేక వాళ్ళలోంచే 50 మందిని తీసుకున్నారు. కాలేజీ వద్దన్న ఈ పిల్లలు ఎలా చదివారో 1987లో అమెరికా వైద్య సంఘం పత్రిక జామాలో అచ్చయింది. మార్కుల్లో తేడా లేదు. మధ్యలో మానేసినవాళ్ళ లెక్కలో తేడా లేదు. వార్డుల్లో పనితనంలోనూ లేదు. మొదట రెండు గుంపులనూ అంత దూరం చేసిందేమిటయ్యా అంటే, ఎక్కువ భాగం ఇంటర్వ్యూ చేసినవాళ్ళ అభిప్రాయం.

దీన్ని చదివి తొందరపడి ఇంటర్వ్యూ దండగ అనుకునేవాళ్ళు ఒక్క సంగతి గమనించాలి. ఆ యాభై మందీ కూడా ఇంటర్వ్యూకు వెళ్ళినవాళ్ళే. ఏడొందలో ర్యాంకు రావాలన్నా అక్కడికి వెళ్ళి కూర్చోవాల్సిందే, ఇంట్లో కూర్చున్నవాడికి ఆ ర్యాంకు కూడా రాదు. కాబట్టి 1,100 డాలర్లు సమర్థనీయమే అని నివేదికలో రాశాను.

అంతకన్నా కలవరపెట్టింది కెనడా పరిశోధన. టొరంటో విశ్వవిద్యాలయంలో 2004 నుంచి 2009 దాకా మెడికల్ ఇంటర్వ్యూలకు వచ్చిన 2,926 మంది మార్కులను ఆయా రోజుల వాతావరణంతో సరిపోల్చి చూశారు. వాన రోజున వచ్చినవాళ్ళకు ఎండ రోజున వచ్చినవాళ్ళకన్నా తక్కువ మార్కులు పడ్డాయి. తేడా పైకి ఒక్క శాతమే. కానీ దాని బరువు ఎంక్యాట్ మార్కుల్లో పదో వంతు పోగొట్టుకోవడంతో సమానమని తేల్చారు. ఆర్నెల్లు లైబ్రరీలో కూర్చుని కూడబెట్టుకున్నదాంట్లో ఓ వాటా మబ్బు పట్టుకుపోయిందన్నమాట. మర్నాటి నుంచి మా ఇంట్లో ఆ ఊరి వాతావరణం చూడటం సంధ్యావందనమంత నిష్ఠగా సాగింది. దరఖాస్తుల ముందే తెలిసుంటే సియాటిల్ కొట్టేసి అరిజోనా రాసి ఉండేవాళ్ళం.

ప్రయాణం సంగతి క్లుప్తంగా చెబుతాను. మంచు వల్ల షికాగోలో రెండో విమానం రద్దయింది. మా అమ్మాయి ఆ రాత్రి విమానాశ్రయంలో, చేతులున్న కుర్చీల మీద, సూటు సంచి కప్పుకుని పడుకుంది. వాడుకోని హోటలు గదికి 190 మామూలుగానే కట్ అయ్యాయి. తెల్లవారుజామున మొదటి విమానం అందుకుని, దిగీదిగగానే బాత్రూంలో సూటు వేసుకుంది. చేతులు ఆరబెట్టుకునే యంత్రం కింద కాలరు పట్టి ముడతలు తీస్తుంటే, పక్కన పళ్ళు తోముకుంటున్న ఇంకో నల్లసూటు అమ్మాయి అద్దంలో చూసి, "నువ్వూ అక్కడికేనా?" అని నవ్విందట.

ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న: "వైద్యం అందుకోవడంలో పేదవాళ్ళకు ఎదురయ్యే ఆర్థిక అడ్డంకుల గురించి మీ అభిప్రాయం?"

బాగానే చెప్పిందట. మధ్యాహ్నం కాలేజీవాళ్ళు ఉచితంగా శాండ్‌విచ్ పెట్టారు. టర్కీ మాంసంది. మా అమ్మాయి శాకాహారి కనక లోపలి ఆకు తిని, రొట్టె సంచిలో వేసుకుంది. సంచీ కూడా వాళ్ళదే, కాలేజీ ముద్రతో. ఖర్చుకు ఎదురు రాబడిగా నా నివేదికలో నమోదైనవి ఈ రెండే: ఒక ఆకు, ఒక సంచి.

మా అమ్మాయితో కలిసి చదువుకున్న పిల్ల ఒకర్తి ఉంది. యామ్‌కాస్‌ను నడిపే సంఘం పేద విద్యార్థులకు ఫీజుల సాయం చేస్తుంది, ఇరవై కాలేజీల దాకా యామ్‌కాస్ ఫీజు మాఫీ. ఆ పిల్లకు అది దొరికింది. మార్కులు మా అమ్మాయికన్నా మెరుగు. ఎనిమిది పిలుపులు వచ్చాయి. అందులో మూడు జూమ్‌లో, అయిదు నేరుగా. గుమ్మం దాకా తీసుకెళ్ళిన సాయానికి విమానం టికెట్టు పద్దు లేదు. మూడింటికి హాజరైంది. మిగతా అయిదింటికీ రెండు వారాల ముందే, ఆ తేదీలు వేరేవాళ్ళకు పనికొస్తాయని, కృతజ్ఞతలు చెబుతూ "షెడ్యూలు కుదరడం లేదు" అని రాసింది. ఆ అయిదు కాలేజీల రికార్డుల్లోనూ ఆమె తనంతట తానే తప్పుకున్న అభ్యర్థి. ఇంటర్వ్యూకు ఇంత ఖర్చు దండగా కాదా అన్న ప్రశ్నకు నేను ఎక్సెల్‌లో నలభై వరుసలు వాడాను. ఆ పిల్లకు ఒక్క వరుస సరిపోయింది. బాగా ఉన్నవాళ్ళ ఇళ్ళలోనైతే అసలు ఈ ప్రశ్నే పుట్టదు. అక్కడ కొత్త సూటు నీలమా నలుపా అన్నదే చర్చ.

2020లో కోవిడ్ పుణ్యమా అని ఇంటర్వ్యూలన్నీ కంప్యూటర్లోకి వచ్చాయి. పడగ్గదిలో, పైన కోటు, కింద పైజమాతో డాక్టర్లయ్యారు పిల్లలు. ఆకాశమేం ఊడిపడలేదు. చాలా కాలేజీలు అక్కడే ఉండిపోయాయి. కొన్ని మాత్రం మళ్ళీ నేరుగా రమ్మంటున్నాయి, మా క్యాంపస్ వాతావరణం మీరు స్వయంగా అనుభవించాలి అంటూ. వాతావరణం మాట మేమూ ఒప్పుకున్నాం, దాన్ని రోజుకు నాలుగుసార్లు చూసుకున్నాం కదా.

అయిదు వారాల తర్వాత జవాబు వచ్చింది. వెయిట్‌లిస్టు. ఇంకా ఆసక్తి ఉంటే ఒక ఉత్తరం రాయొచ్చు అన్నారు. దానికి ఫీజు లేదు. ఏడాదిగా నడుస్తున్న నా ఎక్సెల్‌లో మొదటిసారి సున్నా వేశాను, చూడముచ్చటగా ఉంది.

"నాన్నా, ఆ రోజు అక్కడ వానేమైనా పడిందా?" అని అడిగింది మా అమ్మాయి. పాత రికార్డులు తీసి చూశాను.

ఎండ కాసింది. రోజంతా.

"పడిందమ్మా," అన్నాను. ఇరవయ్యేళ్ళ అకౌంటెంటు వృత్తిలో దొంగలెక్క చెప్పడం అదే మొదలు.