41 పేజీల ప్లాను గారికి

మహారాజశ్రీ ప్లాను గారికి,

నమస్కారాలు. మీరు పుట్టి 8 నెలలైంది. ఇప్పటికి మీరు 41 పేజీలు, మా కథ 9 పోస్టులు.

మేం ఐదుగురం. హైదరాబాద్‌లో ముగ్గురం, డాలస్‌లో ఒక అక్క, మెల్‌బోర్న్‌లో ఒక తమ్ముడు. 1323 నాటి ఓరుగల్లు కోటలో తలా ఒక పాత్ర తీసుకుని వంతులవారీగా రాసుకుందాం అనుకున్నాం. ఎవరి పాత్రను వాళ్లే నడపాలి, పక్కవాళ్ల పాత్ర చేత దగ్గు కూడా దగ్గించకూడదు. రోల్‌ప్లేలో మజా అదే కదా. అంతా కుదిరాక ఎవరో "ముందు చిన్న ప్లాన్ వేసుకుందాం" అన్నారు. ఎవరో కాదు, నేనే.

అంతే, మీరు పెరిగారు. రంగులు పూసుకున్నారు. వంశవృక్షాలు తగిలించుకున్నారు. మీ కోసం జూమ్ మీటింగులు పెట్టుకున్నాం, డాలస్‌లో రాత్రి ఎనిమిదికి, మాకు తెల్లారి ఆరున్నరకి, పళ్లైనా తోముకోకుండా. కోట ఎలాగూ ఢిల్లీ సేనకు దక్కుతుంది, ప్రతాపరుద్రుడు పట్టుబడతాడు. ఆ ముగింపు మన చేతిలో లేదు. మిగిలిందల్లా మధ్యలో కాస్త జాగా, దాన్ని మీరు కబ్జా చేశారు. మీ పట్టికలో 14వ వరసలో పూటకూళ్ళ నాగమ్మ చనిపోవాలి. ఎందుకయ్యా అంటే, 15వ వరసలో నా వీరుడు ఏడవాలి.

నాగమ్మను రాసేది డాలస్ అక్క. ఆవిడ మిమ్మల్ని చదవలేదు (చదివిందెవరు గనక!). ఒక రాత్రి నాగమ్మ చేత శత్రు గూఢచారికి అన్నం పెట్టించి, వాడు చెయ్యి కడుక్కునేలోపు వీధి తలుపుకి గడియ వేయించింది. తొమ్మిది పోస్టుల్లో ప్రాణం ఉన్నది అదొక్కటే. దానికి నేనేమన్నానో తెలుసా? "అక్కా, బావుంది గానీ నువ్వు సోమవారమే చచ్చిపోవాలి కదా." మూడు వారాలైంది, అక్క పేరు పక్కన పచ్చ చుక్క వెలగలేదు. నా వీరుడు కళ్లు ఒత్తుకోవడానికి ఉత్తరీయం పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు.

అసలు ఆ ఓరుగల్లే మీ జాతి మాట వినలేదండీ. అంతకు ముందు ముట్టడికి వచ్చినప్పుడు ఢిల్లీ సేనాని ఉలుగ్ ఖాన్ ఎన్ని లెక్కలు వేసుకుని ఉంటాడు! ఢిల్లీలో సుల్తాను పోయాడని ఒక పుకారు లేచింది, సేన చెల్లాచెదురైంది. ఆ పుకారు పుట్టించినవాళ్లలో ఉబైద్ అనే కవి ఒకడని ఆ కాలపు చరిత్రకారుడు బరనీ రాశాడు. మీ 41 పేజీల్లో "ఇక్కడ కవి నోరు జారును" అనే గడి ఏదీ?

అలాగని ఆశువు మీద నాకు గుడ్డి ప్రేమేం లేదు. మెల్‌బోర్న్ తమ్ముడు తోచింది తోచినట్టు రాస్తే కోట గోడ మీద భటులు మిరపకాయ బజ్జీలు తిన్నారు. మిరపకాయను మనకు తెచ్చిన పోర్చుగీసువాళ్లు ఈ దేశంలో అడుగు పెట్టడానికే ఇంకా 170 ఏళ్ల పైన ఉంది. లైకులు మాత్రం బజ్జీకే ఎక్కువ పడ్డాయి, అది వేరే సంగతి.

అప్పుడు అక్కరకొచ్చింది మీ 3వ పేజీ. ఏమేం ఉండకూడదో రాసుకున్న పేజీ: మిరపకాయ వద్దు, తుపాకీ వద్దు, అడక్కుండా ఎవరి పాత్రనూ చంపొద్దు. అష్టావధానంలో నిషిద్ధాక్షరి లాంటిదన్నమాట. పృచ్ఛకుడు ఒక్కో అక్షరం వద్దంటూ పోతాడు, అవధాని మిగిలిన అక్షరాల్లోంచే పద్యం లాక్కొస్తాడు. పద్యం ఇంటి దగ్గరే రాసుకొచ్చిన అవధానిని ఏమంటారో మీకు నేను చెప్పాలా? పైగా అప్రస్తుత ప్రసంగి పోస్టుకి మా దగ్గర మెల్‌బోర్న్ తమ్ముడు సిద్ధంగా ఉన్నాడు.

కాబట్టి తమరు ఆ 3వ పేజీ ఇక్కడ వదిలి, తక్కిన 40 పేజీలతో దయచేయండి. 14, 15 వరసలు నేనే చెరిపేశాను. నా వీరుణ్ణి ఉత్తరీయంతో సహా పూటకూళ్ళ ఇంటికి పంపాను. లోపల గడియ పెట్టి ఉంది. తలుపు తట్టి, "అన్నం ఉందా అమ్మా?" అని అడిగాడు. నాగమ్మ ఏమంటుందో నాకు తెలీదు. డాలస్‌లో ఇప్పుడు రాత్రి ఎనిమిది.

ఇట్లు,
మిమ్మల్ని కన్నవాడు