ఎర్రమట్టి దిబ్బలు మళ్లీ పుట్టవు

"భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు కొండమట్టి కొట్టుకొచ్చి పేరుకున్న గుట్టలే. పక్కనే సముద్రం, ఇసుక మళ్లీ చేరుతుంది. పైపైన నాలుగడుగులు తీస్తే నష్టమేంటి?" విశాఖ వాట్సాప్ గ్రూపుల్లో చక్కర్లు కొడుతున్న వాదన ఇది.

కొండమట్టి అనడమే తప్పు. అక్కడ ఎక్కువగా ఉన్నది క్వార్ట్జ్ ఇసుక. భూతద్దంలో చూస్తే ఒక్కో రేణువుకూ ఎర్రని పల్చటి పూత కనిపిస్తుంది. ప్రయోగశాలలో వేడి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఉంచితే పూత కరిగి తెల్లటి ఇసుక మిగులుతుంది. తూర్పు కనుమల ఖోండలైట్ రాళ్లు అరిగి తీరానికి చేరిన ఇసుకలో గార్నెట్, ఇల్మనైట్ లాంటి ఇనుప ఖనిజాలుంటాయి. గాలి ఆ ఇసుకను లోపలికి తెచ్చి పోశాక, వేల ఏళ్ల వానకూ ఎండకూ ఆ ఖనిజాలు శిథిలమై వదిలిన ఇనుమే హెమటైట్ అనే ఎర్రని ఇనుప ఆక్సైడ్‌గా రేణువులను చుట్టింది. వాలు నీళ్లు తెచ్చిన సరుకూ కొంత కలిసింది, కాదనం. దిబ్బను పోసింది మాత్రం ప్రధానంగా గాలే.

ఇసుక మళ్లీ చేరదు. సుమారు 20 వేల ఏళ్ల కిందట సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు దిగువన ఉండేది. బయటపడ్డ ఆ విశాలమైన నేల నుంచే గాలికి అంత ఇసుక దొరికింది. ఇప్పుడది నీళ్ల కింద ఉంది.

"పైపైన" అన్న మాటే అన్నిటికన్నా ప్రమాదకరం. రేణువుల మధ్య కొద్దిపాటి బంకమన్ను వల్ల పొడిగా ఉన్నంతసేపు గోడ నిట్టనిలువుగా నిలుస్తుంది, తడిస్తే సడలుతుంది. పై పొరనూ పొదలనూ చెక్కేస్తే వాననీరు పగుళ్లలోకి దిగి, లోపల సొరంగాలు తొలిచి గోడను కూలదోస్తుంది. కింద ఒకచోట లోతు చేస్తే గెడ్డ (వాననీరు పారే వాగు) వెనక్కి తొలుచుకుంటూ పైకి పాకుతుంది.

పోయేది మట్టి ఒక్కటే కాదు. ఇసుక చివరిసారి ఎండ ఎప్పుడు చూసిందో కొలిచి పొర వయసు కడతారు. వెలుతురు సోకకుండా ఉక్కు గొట్టాన్ని పొరలోకి దిగ్గొట్టి, రెండు కొసలూ మూసి, చీకటిగదిలో మసక ఎర్రదీపం కింద తెరుస్తారు. ఎండ తగిలిన కొసల ఇసుకను పక్కన పెట్టేస్తారు. పొక్లెయిన్ తిరగేసిన చోట పొరలు కలిసి, ఎండ తగిలి ఆ లెక్క చెరిగిపోతుంది. ఆదిమానవుల రాతి పనిముట్లు దొరికిన నేల ఇది. ఏ పొరలో దొరికిందో తెలియని పనిముట్టు వయసు చెప్పడం దాదాపు అసాధ్యం.

ఈ దిబ్బలకు 2014లో జాతీయ భూవారసత్వ గుర్తింపు వచ్చింది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోనూ చేరాయి. కానీ దిబ్బల అంచున హద్దురాళ్లు పాతితే చాలదు. గెడ్డల్లోకి వాననీరు దిగే ఎగువ వాలునూ హద్దులో కలిపి, అక్కడ చదును పనులు ఆపాలి.