పిల్లలతో ఓపెనింగ్‌లు బట్టీ పట్టించకండి

హన్మకొండలో ఇప్పుడు పిల్లల్ని చెస్‌లో చేర్పించని ఇల్లు తక్కువ. సంతోషం. మన అర్జున్ ఇరిగేశి 14 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు, 2024 డిసెంబర్ ప్రపంచ రేటింగ్ లిస్టులో 2800 దాటాడు. ఆనంద్ తర్వాత ఆ రేటింగ్ చూసిన భారతీయుడు మన ఊరి పిల్లాడే. ఆశ పుట్టడంలో తప్పు లేదు. నేర్పే తీరు చూస్తేనే కడుపు మండుతోంది.

మా మేనకోడలికి పదేళ్లు. ఇటాలియన్ ఓపెనింగ్ (ఆట మొదట్లో ఆడే ఎత్తుల వరసల్లో ఒకటి) పన్నెండు ఎత్తుల దాకా గడగడా అప్పజెబుతుంది. మొన్న టోర్నమెంట్‌లో ఎదుటి పిల్లాడు రెండో ఎత్తుకే గుర్రాన్ని తీయకుండా డి6 గడికి బంటు జరిపాడు. అంతే, పిల్లకి టెన్షన్. ఓడిపోయి బయటికొచ్చి, "ఇది మాకు చెప్పలేదు మామా" అని ఏడ్చింది.

ఆ డి6 బంటుతో మొదలయ్యే ఓపెనింగ్ పేరు ఫిలిడోర్ డిఫెన్స్. 1858లో పారిస్ ఒపేరా హౌస్‌లో అమెరికా ఆటగాడు పాల్ మార్ఫీ తెల్లపావులతో ఇద్దరు దొరల మీద గెలిచిన ఆటలో ఉన్నదీ అదే ఓపెనింగ్. 17 ఎత్తుల్లో ముగిసింది. ఆదివారం మంచం మీద బోర్డు పరిచి, మేనకోడల్ని మార్ఫీ వైపు కూర్చోబెట్టి, ఆ ఆట ఎత్తులు రాసిన కాగితం మీద స్కేలు అడ్డం పెట్టాను. ఒక్కో ఎత్తుకు ముందు "నువ్వైతే ఏం ఆడతావ్?" అని అడగడం, తర్వాత స్కేలు జరపడం.

ఎనిమిదో ఎత్తు దగ్గర బి7 బంటు ఊరికే దొరుకుతోంది. "మంత్రితో తినేస్తా మామా" అంది. తినమన్నాను. నల్ల మంత్రి బి4కి వచ్చి చెక్ చెప్పింది, ఇక మంత్రులు మార్చుకోక తప్పదు. బంటు లాభమే, కానీ దాడి చల్లారింది. స్కేలు జరిపితే మార్ఫీ గుర్రాన్ని సి3కి తెచ్చాడు. "ఎందుకట్ల?" అని చాలాసేపు బోర్డు చూస్తూ కూర్చుంది. ఫోన్‌లో ఇంజన్ (మంచి ఎత్తు చెప్పే చెస్ ప్రోగ్రామ్) పెట్టుంటే సెకన్లో జవాబు వచ్చేది, ఆ ప్రశ్న పుట్టేదే కాదు.

పదహారో ఎత్తులో మార్ఫీ మంత్రినే బి8లో పెట్టి ఇచ్చేశాడు. నల్ల గుర్రం తినక తప్పదు. తినగానే ఏనుగు డి8కి వచ్చి ఆట కట్టు. అప్పటికి నల్లవాళ్ల ఎఫ్8 ఒంటె, హెచ్8 ఏనుగు కదలనే లేదు. వాటిని వేలితో తాకి, "మొన్న నావి కూడా ఇట్లనే ఉన్నయి" అంది.

కోచ్‌లూ, తల్లిదండ్రులూ, వారానికి ఒక్క పాత ఆటను ఇట్లా చేత్తో ఆడించండి. ఈ ఆదివారం మేం అదే ఆటను నల్లపావుల వైపు కూర్చుని చూస్తున్నాం. మూడో ఎత్తులో ఒంటెను జి4కి పంపకుండా డి4 బంటును తినుంటే ఏమయ్యేదో తనే వెతుకుతానంది.