పుస్తకానికి సంకెళ్లు, తట్టుకు స్వేచ్ఛ

బడిలో చేరే పిల్లలకు టీకాలు తప్పనిసరి అన్న నిబంధనలను ఒక్కటీ మిగలకుండా రద్దు చేస్తామని ఫ్లోరిడా సర్జన్ జనరల్ జోసెఫ్ లడాపో 2025 సెప్టెంబరు 3న గవర్నర్ రాన్ డిశాంటిస్ సమక్షంలో ప్రకటించారు. అమెరికాలో అంతవరకూ ఏ రాష్ట్రమూ ఇంతకు తెగించలేదు. ఆ నిబంధనల్లో ప్రతి ఒక్కటీ తిరస్కారంతో, బానిసత్వంతో నిండి ఉందని ఆయన అన్నారు. మీ బిడ్డ ఒంట్లోకి ఏది వెళ్లాలో చెప్పడానికి నేనెవరినని కూడా ప్రశ్నించారు. రాష్ట్ర ప్రజల ఆరోగ్యానికి పూచీ వహించవలసిన వైద్యాధికారి ఆయన. ఆ సంగతి చెప్పడానికే ఆ పదవి ఉంది. మనుషులను సంతలో అమ్మిన చరిత్ర ఉన్న దేశంలో, పసిబిడ్డను జబ్బు నుంచి కాపాడే సూదిమందును బానిసత్వంతో పోల్చడం క్షమించరాని మాట.

తన శరీరంపై తనకే హక్కు ఉండాలన్న వాదన తేలిగ్గా తోసేయదగినది కాదు. కొవిడ్ కాలపు ఆంక్షలు చాలామందిలో అపనమ్మకాన్ని మిగిల్చిన మాటా నిజమే. అయితే ఫ్లోరిడాలో ఆ హక్కుకు ఇప్పుడు వచ్చిన లోటేమిటి? వైద్య కారణాలున్నవారికి, మతపరమైన అభ్యంతరాలున్నవారికి అక్కడి చట్టం ఎప్పటినుంచో మినహాయింపు ఇస్తూనే ఉంది. వద్దనుకున్నవారు ఒక పత్రం సమర్పించి పిల్లలను బడికి పంపుతున్నారు. ఇలా దారి ఉండగానే నిబంధనను మొత్తంగా ఎత్తివేస్తే, అశ్రద్ధతోనో అయోమయంతోనో టీకా వేయించని కుటుంబాలు కూడా వారికి తోడవుతాయి. కొత్తగా దక్కే స్వేచ్ఛ అంతకు మించి ఏమీ లేదు.

ఇదే ప్రభుత్వం ఇతర విషయాల్లో ఏం చేసిందో చూస్తే దీని కపటం తేటతెల్లమవుతుంది. లైంగికత, జెండర్ గుర్తింపుల గురించి చిన్న తరగతుల్లో బోధించరాదని 2022లో చట్టం చేసి, మరుసటి ఏడాది దాన్ని మరింత బిగించింది. లైంగిక ప్రవర్తనను వర్ణిస్తోందని ఒక్కరు అభ్యంతరం చెప్పినా అయిదు బడి పనిదినాల్లో ఆ పుస్తకాన్ని బడి గ్రంథాలయంలోంచి తీసివేసి, ఆ తర్వాతే విచారించాలని 2023 నాటి చట్టం చెప్పింది. రచయితల భావప్రకటన స్వేచ్ఛ కోసం పనిచేసే పెన్ అమెరికా సంస్థ లెక్కల ప్రకారం 2023-24 విద్యా సంవత్సరంలో ఆ రాష్ట్రంలో పుస్తకాలపై పడిన నిషేధాలు 4,500కు పైబడ్డాయి. ఇది దేశంలోనే అత్యధికం. 14 ఏళ్లలోపు పిల్లలకు సామాజిక మాధ్యమాల్లో ఖాతాలు ఉండరాదని 2024లో మరో చట్టం వచ్చింది. వీటన్నిటికీ చెప్పిన కారణం పిల్లల రక్షణే. ఈ చట్టాల్లో కొన్నిటికి సమర్థన దొరకవచ్చు. కానీ మీ బిడ్డ ఏం చదవాలో చెప్పడానికి నేనెవరినని ఆనాడు గవర్నర్‌కు ఎందుకు తోచలేదు?

ఇంకొంచెం లోతుగా చూస్తే రెండు సందర్భాల్లోనూ జరుగుతున్నది ఒకటే. ఒక కుటుంబం అభ్యంతరం చెబితే, తమ పిల్లలు చదవాలని కోరుకునే తక్కిన కుటుంబాలకూ ఆ పుస్తకం అందకుండా పోతుంది. ఒక కుటుంబం టీకా వద్దంటే, ఆ ముప్పు తక్కిన కుటుంబాల బిడ్డల మీదా పడుతుంది. తల్లిదండ్రుల హక్కుల పేరిట ఈ ప్రభుత్వం కాపాడుతున్నది కొందరు తల్లిదండ్రుల ఇష్టాన్ని మాత్రమే. మిగిలినవారి హక్కు దాని లెక్కలోకే రాదు.

తట్టు సోకిన బిడ్డ గదిలోంచి వెళ్లిపోయిన రెండు గంటల తర్వాత కూడా ఆ వైరస్ గాలిలో నిలిచి ఉంటుంది. రోగనిరోధకత లేనివారు సమీపంలో ఉంటే పదిమందిలో తొమ్మిదిమందికి అంటుకోగలదు. సమాజంలో దాదాపు 95 శాతం మందికి టీకా అంది ఉంటేనే దానికి అడ్డుకట్ట పడుతుంది. అమెరికాలో తట్టు టీకా తొలి మోతాదును ఏడాది నిండాకే వేస్తారు కాబట్టి అంతకంటే చిన్న శిశువులకు, రక్త క్యాన్సర్‌కు చికిత్స పొందుతూ ఆ టీకా తీసుకోలేని పిల్లలకు తోటివారి టీకాలే రక్ష. దేశవ్యాప్తంగా కిండర్‌గార్టెన్ పిల్లల్లో ఈ టీకా పొందినవారు 2024-25లో 92.5 శాతానికి తగ్గారు. ఫ్లోరిడాలో ఆ సంఖ్య 90కి కూడా చేరలేదు. బ్రోవార్డ్ కౌంటీలోని ఒక ప్రాథమిక పాఠశాలలో 2024లో తట్టు వ్యాపించినప్పుడు, టీకా లేని పిల్లలను 21 రోజులు ఇంట్లో ఉంచాలన్న సిఫార్సును పక్కనపెట్టి నిర్ణయాన్ని తల్లిదండ్రులకు వదిలేసింది ఈ లడాపోయే.

టెక్సస్‌లో జరిగింది ఇంకా కళ్లెదుటే ఉంది. గెయిన్స్ కౌంటీలో రాజుకున్న తట్టు 762 మందికి సోకి, 2025 ఆగస్టులో గానీ సద్దుమణగలేదు. టీకా వేయించుకోని ఇద్దరు పిల్లలు ప్రాణాలు కోల్పోయారు. 2000లోనే తట్టును నిర్మూలించామని ప్రకటించుకున్న దేశంలో 2025లో కేసులు 1992 తర్వాత ఎన్నడూ లేనంతగా పెరిగాయి. ఇంత జరిగాక, రద్దు వల్ల ఎందరు పిల్లలు జబ్బున పడవచ్చో అంచనా కట్టారా అని సీఎన్ఎన్ అడిగితే లేదని లడాపో తేల్చి చెప్పారు. ఇది తప్పొప్పులకు సంబంధించిన విషయమట! లెక్క వేయకుండానే పిల్లల ప్రాణాలను పణంగా పెట్టడం ఏ ధర్మమో ఆయనే చెప్పాలి.

ఈ తగవును అమెరికా న్యాయస్థానాలు ఏనాడో తేల్చాయి. మశూచి టీకాను తప్పనిసరి చేసే అధికారం రాష్ట్రాలకు ఉందని 1905లోను, టీకా లేని పిల్లలను బడిలో చేర్చుకోకుండా ఆపవచ్చని 1922లోను సుప్రీంకోర్టు చెప్పింది. తల్లిదండ్రులు తమ విశ్వాసం కోసం తాము బలి కావచ్చునేమో గానీ, తమ పిల్లలను బలిచేసే స్వేచ్ఛ వారికి లేదని 1944 నాటి ప్రిన్స్ కేసులో స్పష్టం చేసింది. బిడ్డ తల్లిదండ్రుల ఆస్తి కాదన్న ఈ సూత్రాన్నే ఫ్లోరిడా ఇప్పుడు తోసిరాజంటోంది.

ఫ్లోరిడా తెరిచిన దారి అక్కడితో ఆగదన్నదే మా ప్రధాన భయం. వెస్ట్ వర్జీనియా గవర్నర్ 2025 జనవరిలో మత మినహాయింపును ఉత్తర్వుతో తెచ్చారు. అలాంటి బిల్లును శాసనసభ తిరస్కరించినా వెనక్కి తగ్గలేదు. టీకాలపై సలహా ఇచ్చే నిపుణుల కమిటీ సభ్యులందరినీ కేంద్ర ఆరోగ్యమంత్రి కెనడీ 2025 జూన్‌లో ఒక్క వేటుతో తొలగించారు. పనిచేస్తాయని తేలిన టీకాలను వాడాల్సిందేనని అధ్యక్షుడు ట్రంప్ స్వయంగా అన్నా, ఆయన పార్టీ గవర్నర్లకు అది వినబడుతున్నట్టు లేదు. టాంపా, ఓర్లాండో, జాక్సన్‌విల్ బడుల్లో తెలుగు కుటుంబాల పిల్లలూ ఉన్నారు. పక్క బల్లపై కూర్చునే బిడ్డకు టీకా పడిందో లేదో ఆ తల్లిదండ్రులు ఇక అదృష్టానికి వదిలేయాలా?

ఆటలమ్మ, హెపటైటిస్ బి సహా నాలుగు టీకాల నిబంధనను ఆరోగ్య శాఖ తనంతట తానే తొలగించగలదు. తట్టు, పోలియో, కోరింత దగ్గు, కంఠసర్పి (డిఫ్తీరియా) వంటివాటి జోలికి వెళ్లాలంటే మాత్రం శాసనసభ చట్టాన్ని మార్చాలి. మొదటి ప్రతిపాదనను ఆరోగ్య శాఖ వెంటనే ఉపసంహరించుకోవాలి, రెండోదాన్ని శాసనసభ తిప్పికొట్టాలి. ఈ రద్దుకు చేతులెత్తబోయే సభ్యులు, బడి గ్రంథాలయాల చట్టంపై తాము చేసిన ప్రసంగాలను ముందు తీసి చదువుకోవాలి. నవల చదివితే పిల్లలు పాడైపోతారని అంతగా కలవరపడినవారికి, పోలియోతో కాలు చచ్చుబడే బిడ్డ గురించి ఆ కలవరంలో పదో వంతైనా లేకపోతే, పిల్లల రక్షణ అన్న మాటను మరోసారి నోట పలికే అర్హత వారికి లేదు.